చేసిన పని పేరు పెట్టి చెప్పాలి

(పంచాయతీరాజ్ దినోత్సవం రోజు ఒక మండల కేంద్రంలో జరిగిన సర్పంచులు, కార్యదర్శులు, పంచాయతీ కార్మికుల సభలో ఓ విశ్రాంత పంచాయతీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న ఎంపీడీఓ గారికి, మండల పంచాయతీ అధికారి గారికి, కొత్తగా గెలిచొచ్చిన సర్పంచులకు, వార్డు సభ్యులకు, కార్యదర్శులకు నమస్కారం. అదిగో, వెనక గోడ వారగా నిలబడ్డ మన పంచాయతీ సిబ్బందికి మరీ మరీ నమస్కారం. అమ్మా, మీరు ముందుకు రండి. ఇక్కడ మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫర్వాలేదు, చెప్పులు వేసుకునే రండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

సరే. ఇప్పుడు బాగుంది.

ఇవాళ ఏప్రిల్ 24. 1993లో ఇదే రోజున 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. మన ప్రాంతానికి పంచాయతీరాజ్ అంతకంటే పాత చుట్టమే. 1959లో నెహ్రూ గారు రాజస్థాన్‌లోని నాగౌర్‌లో దీన్ని మొదలుపెట్టిన కొద్ది రోజులకే మన షాద్‌నగర్‌కు వచ్చి ఇక్కడా మొదలుపెట్టారు. కానీ ఆ తర్వాత ఎన్నికలు పెడితే పెట్టారు, లేకపోతే లేదు. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరిపి తీరాలని, ఆడవాళ్లకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు ఉండాలని రాజ్యాంగంలోకి ఎక్కింది 1993లోనే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ మూడో వంతు ఇప్పుడు సగమైంది. ఈ రోజును జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవంగా జరుపుకోవడం 2010 నుంచి మొదలైంది. అప్పటి నుంచి ఏప్రిల్ వచ్చిందంటే అవార్డుల మాట వస్తుంది.

నాకిచ్చిన అంశం కూడా అదే. ఉత్తమ పంచాయతీలు, ఉత్తమ సిబ్బంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ శాఖలోనే పనిచేశాను కాబట్టి అవార్డులు ఎలా వస్తాయో, ఎవరి దగ్గరికి వస్తాయో, ఎవరి గడప దాకా రాకుండా ఆగిపోతాయో దగ్గర నుంచి చూశాను. చూసింది చెబుతాను.

ముందు మీకు ఒక ట్యాంకు సంగతి చెప్పాలి.

నేను గ్రామ కార్యదర్శిగా ఉన్నప్పుడు నాకు రెండు ఊళ్లు అప్పగించారు. పక్కపక్క ఊళ్లే, మధ్యలో ఒక వాగు. ఒక ఊళ్లో నీళ్లు విడిచే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మనం వాటర్‌మన్ అంటాం. ఊరివాళ్లు మాత్రం ఆయన్ను నీరటి అనే పిలిచేవాళ్లు. ఆయన తాత చెరువు తూము దగ్గర నీరటి. మనవడి చేతికి ట్యాంకు వాల్వు వచ్చింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకు ట్యాంకు దగ్గరికి వచ్చేవాడు. అరవై వేల లీటర్ల ట్యాంకు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన నూటయాభై గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కావాలి. ఆయన దగ్గర కాటా లేదు. ఒక ప్లాస్టిక్ గ్లాసుకు మేకుతో గీత గీసుకున్నాడు. ఆ గీత దాకా పోస్తే సరిగ్గా అంతే. పొడిని బకెట్లో వేసి, కొంచెం నీళ్లు పోసి ముద్ద చేసి, మళ్లీ నీళ్లు కలిపి పక్కన పెట్టేవాడు. పొడిలోని సున్నం అడుక్కు దిగాక పైన తేరిన నీళ్లను వేరే బకెట్లోకి వంచుకుని, ఆ బకెట్ పట్టుకుని నిచ్చెన ఎక్కేవాడు. ఒక చేత్తో బకెట్, ఒక చేత్తో ఇనుప నిచ్చెన. వానాకాలంలో ఆ మెట్లు ఎంత జారతాయో ఎక్కినవాళ్లకే తెలుసు. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో పోసేస్తే తొందరగా అయిపోతుంది కదా అని ఒకసారి అడిగాను. "అట్ల పోస్తే సున్నం పైపుల్ల పడుతది సారూ, మందు మాత్రం నీళ్లల్ల సరిగ్గ కలువది" అన్నాడు. ఆయనకు అది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

అక్కడితో అయిపోయేది కాదు. మందు కలిపాక అరగంట ఆగి అప్పుడు వాల్వు తిప్పేవాడు. జనం ఎంత గోల పెట్టినా ఆ అరగంట ఆగాల్సిందే. తర్వాత సైకిలెక్కి ఊరి చివరి నల్లా దగ్గరికి వెళ్లేవాడు. చిన్న సీసాలో ఆ నీళ్లు పట్టి రెండు చుక్కల పరీక్ష మందు వేసి చూసేవాడు. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయా, క్లోరిన్ చివరి ఇంటి దాకా చేరినట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది ప్రమాణం. ఆయనకు ఆ అంకె తెలీదు, రంగు తెలుసు. రంగు రాకపోతే మధ్యలో ఎక్కడో పైపు లీకవుతుందని అర్థం. లీకయ్యే చోట మురికి కాలువ ఉంటే, నీళ్లు ఆపేసిన వేళ ఆ మురుగు పైపులోకి చేరుతుంది. నల్లా గుంతల్లో నిలిచిన నీళ్లూ అంతే. అందుకని ఆయన పలుగు పట్టుకుని గుంతలు పూడుస్తూ తిరిగేవాడు. నీళ్లు ఎక్కువ రావాలని ఇంటి ముందు గుంత తీసుకున్నవాళ్లు తిట్టేవాళ్లు. తిట్లు పడుతూనే పూడ్చేవాడు.

ఆ ఏడాది వానలకు వాగుకు అవతలి ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వారం రోజులు నేను నిద్రపోలేదు. బడిలో క్యాంపు పెట్టారు, బెంచీలకు సెలైన్ సీసాలు కట్టారు, ట్యాంకర్లు వచ్చాయి, అధికారులు వచ్చారు, పేపరు వాళ్లు వచ్చారు. ఆ ఊళ్లో రాత్రింబవళ్లు పనిచేసిన సిబ్బందికి ఆగస్టు 15న ప్రశంసా పత్రాలు ఇచ్చారు. నాకూ ఇచ్చారు. వాళ్లు కష్టపడ్డారు, అందులో అనుమానం లేదు. కానీ వాగుకు ఇవతల అదే వాన, అదే మట్టి, అవే పాత పైపులు. ఒక్కరికీ కడుపునొప్పి కూడా రాలేదు. ఇవతలి ఊరి నీరటికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ లిస్టు తయారుచేసి పంపింది నేనే. అందులో ఆయన పేరు రాయాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ ఊళ్లో ఏమీ జరగలేదు కదా మరి! ఏమీ జరగకుండా చేసింది ఆయనేనన్న సంగతి నాకు తట్టేసరికి ఆయన పని మానేసి, కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ లోటు నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

పంచాయతీ పనిలో మంచి పనంటే చాలావరకు ఇలాంటిదే. రాని జ్వరం, పడని పిల్లాడు, కాలని ట్రాన్స్‌ఫార్మర్. పాడుబడ్డ బావికి కట్టిన పిట్టగోడను ఎవరూ ఫొటో తీయరు. అందుకే పైనుంచి చూసేవాళ్లకు మంచి పంచాయతీ కనపడటం కష్టం.

కనపడేలా చేద్దామని మన దేశంలో గట్టిగా జరిగిన ప్రయత్నం నిర్మల్ గ్రామ పురస్కారం. 2003లో ప్రకటించారు. ఊళ్లో ఎవరూ ఆరుబయటికి వెళ్లకూడదు, ప్రతి ఇంటికీ, బడికీ, అంగన్‌వాడీకీ మరుగుదొడ్డి ఉండాలి. అలాంటి ఊరికి జనాభాను బట్టి నగదు బహుమతి, ఢిల్లీలో సన్మానం. 2005లో మొదటిసారి ఇచ్చినప్పుడు దేశం మొత్తం మీద 40 పంచాయతీలకు వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఏడాది లెక్క పన్నెండు వేలు దాటింది. ఆ రోజుల్లో ఊళ్లల్లో ఎంత హుషారు ఉండేదో ఇక్కడున్న పాత సర్పంచులకు గుర్తుంటుంది. తెల్లారగట్ల విజిల్ పట్టుకుని ఊరి చివర కాపలా కాసేవాళ్లు. మరుగుదొడ్డి లేని ఇంటికి పిల్లనివ్వం అన్నవాళ్లున్నారు. ఒక అవార్డు అంత పని చేయించింది.

కానీ అవార్డు వచ్చాక చాలా ఊళ్లు వెనక్కి జారాయి. పరిశీలనకు వచ్చే రోజుకు అన్నీ ఉండేవి. ఏడాది పోయాక చూస్తే కొన్ని మరుగుదొడ్లలో పిడకలు, కొన్నింటిలో కట్టెలు. నీళ్లు లేని చోట మరుగుదొడ్డి ఎవరు వాడతారు? ఇక్కడ నాకు అర్థమైంది ఒకటుంది. అవార్డు ఊరిని పరిగెత్తించగలదు. పరుగు ఆగకుండా చూసే మనుషులు ఊళ్లోనే ఉండాలి. ఆ మనుషుల్ని గుర్తించకుండా బోర్డుకు మాత్రం దండ వేస్తే ఆ దండ వాడిపోవడానికి ఎన్నో రోజులు పట్టదు.

మరి జారని ఊళ్లు లేవా? మనకు దగ్గర్లోనే ఉంది, వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి. ఒకప్పుడు మచ్చాపూర్ పంచాయతీకి శివారు పల్లె. తొంభైల్లో విడిగా పంచాయతీ అయ్యింది. మొదటి పాలకవర్గం మొత్తం ఆడవాళ్లే. దానికి నిర్మల్ గ్రామ పురస్కారం 2007లో వచ్చింది. కానీ అక్కడ పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. నీళ్లకు ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒకటి, బడికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ. మంచినీళ్ల ప్లాంటు పెట్టుకున్నప్పుడు స్వచ్ఛంద సంస్థ సాయం చేసింది, జనం కూడా తలా కొంత వేసుకున్నారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం తన గ్రామాభివృద్ధి కార్యక్రమం గ్రామజ్యోతిని అక్కడి నుంచే మొదలుపెట్టారంటే కారణం అదే.

నేను ఆ ఊరికి మా సర్పంచులను రెండు మూడుసార్లు తీసుకెళ్లాను. అందరూ రోడ్లు చూసేవాళ్లు, చెట్లు చూసేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. నాకు నచ్చింది కమిటీల పద్ధతి. నీళ్ల పని ఫలానా వాళ్లది, దీపాల పని ఫలానా వాళ్లది అని ఊరందరికీ తెలుసు. బాగుంటే ఎవరిని మెచ్చుకోవాలో తెలుసు, చెడితే ఎవరి తలుపు తట్టాలో తెలుసు. గుర్తింపు అక్కడే, ఊళ్లోనే, ప్రతి రోజూ జరిగిపోతుంది. ఢిల్లీ పురస్కారం ఆ తర్వాత వచ్చింది.

ఇప్పుడు జాతీయ పంచాయతీ అవార్డుల తీరు మారింది. నిర్మల్ పురస్కారానికి పారిశుధ్యం ఒక్కటే పెద్దగా చూసేవాళ్లు. ఇప్పుడు తొమ్మిది అంశాలు పెట్టారు. పేదరికం లేని ఊరు, ఆరోగ్యంగా ఉన్న ఊరు, పిల్లలకు మంచి ఊరు, నీళ్లు చాలినన్ని ఉన్న ఊరు, పచ్చగా శుభ్రంగా ఉన్న ఊరు, సొంత సదుపాయాలున్న ఊరు, సామాజిక భద్రత ఉన్న ఊరు, మంచి పాలన ఉన్న ఊరు, ఆడవాళ్లకు అనువైన ఊరు. ఇది నాకు నచ్చిన మార్పు. ఎందుకంటే ప్రతి ఊరికీ తన బలం ఉంటుంది. 2023లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఇచ్చిన అవార్డుల్లో మన జనగామ జిల్లా నెల్లుట్ల నీటి విభాగంలో ఉంది, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గౌతంపూర్ ఆరోగ్యం విభాగంలో ఉంది. 2024లో పెద్దపల్లి జిల్లా చిల్లపల్లి ఆడవాళ్లకు అనువైన ఊరుగా నిలిచింది. ఇవి పెద్ద పేరున్న ఊళ్లు కావు. బస్సు దిగి అడిగితే తప్ప తెలియని ఊళ్లు. అలాంటి ఊళ్ల పేర్లు ఢిల్లీలో మైకులో చదివారంటే నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఇక కార్యదర్శుల సంగతి. ఇక్కడ చాలామంది కుర్రవాళ్లు కనపడుతున్నారు, సంతోషం. మా రోజుల్లో ఒక్కో కార్యదర్శికి మూడు నాలుగు ఊళ్లు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక తెలంగాణలో 12 వేల 700లకు పైగా పంచాయతీలయ్యాయి. తండాలు, గూడేలు కూడా సొంత పంచాయతీలయ్యాయి. ఊరికో కార్యదర్శి ఉండాలని 9,355 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. డిగ్రీలు, పీజీలు, బీటెక్‌లు చదివినవాళ్లు వచ్చారు. మొదట్లో నెలకు 15 వేల జీతం. 2019 సెప్టెంబరులో ఊళ్లను బాగుచేసే ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతి మొదలైంది. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం అనే శ్మశానవాటిక, పల్లె ప్రకృతి వనం, ట్రాక్టరు, ట్యాంకరు, అన్నీ ఒకేసారి వీళ్ల నెత్తిన పడ్డాయి. పొద్దున్నే ఫోన్‌లో హాజరు, ఊడ్చిన వీధి ఫొటో, మొక్కలకు నీళ్లు పోసిన ఫొటో, ఇంటి పన్ను వసూలు, జనన మరణ ధ్రువపత్రాలు, ఓటర్ల జాబితా, పింఛన్ల ఎంక్వైరీ. సాయంత్రానికి మళ్లీ టెలికాన్ఫరెన్స్. ఎంత టెన్షన్ పడ్డారో, ఎంతమంది మానేసి వెళ్లిపోయారో నాకు తెలుసు. 2023లో రెగ్యులర్ చేయమని సమ్మెకు కూర్చున్నప్పుడు రిటైరైన నేను కూడా వెళ్లి వాళ్ల టెంటు కింద కాసేపు కూర్చుని వచ్చాను.

ఆ తర్వాత 2024 ఫిబ్రవరి నుంచి పాలకవర్గాలు లేవు. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యే దాకా దాదాపు రెండేళ్లు సర్పంచ్ లేడు, వార్డు మెంబరు లేడు. పేరుకు ప్రత్యేకాధికారి ఉన్నా ఆయనకు తన శాఖ పని ఉండనే ఉంది. పాలకవర్గం లేనందుకు కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టరుకు డీజిల్ కావాలి, మోటారు కాలితే వైండింగ్ చేయించాలి, బ్లీచింగ్ కొనాలి. చాలామంది కార్యదర్శులు చేతి డబ్బులు పెట్టి నడిపించారు. కొందరు అప్పులు చేశారు. కొత్త సర్పంచ్ గార్లకు నాదొక విన్నపం. మీరు కుర్చీలో కూర్చునే నాటికి నల్లాల్లో నీళ్లు వస్తూ ఉన్నాయంటే, వీధి దీపం వెలుగుతూ ఉందంటే, ఆ రెండేళ్లు ఎవరో ఒకరు మోశారు. మీ మొదటి గ్రామసభలోనే ఆ మాట అని ఉండాల్సింది. అనకపోతే వచ్చే గ్రామసభలో అనండి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టమే చెబుతోంది, అవకాశం దూరంలో లేదు.

పట్నాల్లోనూ ఇదే కథ, కాకపోతే అంకెలు పెద్దవి. నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ 2016లో 73 నగరాలతో మొదలైంది. విశాఖపట్నం ఆ ఏడాది ఐదో స్థానంలో, మరుసటి ఏడాది 434 నగరాల్లో మూడో స్థానంలో నిలిచింది. హుద్‌హుద్ తుపాను వచ్చి ఆ నగరాన్ని నేలకు కొట్టింది 2014 అక్టోబరులో. పడిపోయిన లక్షల చెట్ల కొమ్మలు, రేకులు, స్తంభాలు ఎత్తి, ఏడాదిన్నరలో దేశంలోని శుభ్రమైన నగరాల వరసలో నిలబడ్డారంటే ఎన్ని వేల చేతులు పడి ఉండాలి? ర్యాంకు నగరానికి వచ్చింది, కమిషనర్లకు మంచి పేరొచ్చింది, రావాల్సిందే. ఆ చీపుర్లు పట్టినవాళ్ల పేర్లు మనకు ఒక్కటైనా తెలుసా?

మ్యాన్‌హోల్ పని గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పరిహారం పెరిగిందంటే చావులు ఆగలేదనే కదా అర్థం. ఆ పనివాళ్లకు శాలువా కప్పకపోయినా ఫర్వాలేదు, వాళ్లను లోపలికి దింపకపోతే అదే సన్మానం. హైదరాబాద్ జలమండలి 2017లో ఒక మంచి పని చేసింది. ఇరుకు గల్లీల్లోకి వెళ్లి, నీటి ఒత్తిడితో మురుగు కాలువలు శుభ్రం చేసే చిన్న జెట్టింగ్ యంత్రాలు, మొత్తం 70, రోడ్డెక్కించింది. వాటిని దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి ఆ పని చేసే కుటుంబాల వాళ్లకే యజమానులుగా ఇప్పించింది. నిన్నటిదాకా కాలువలోకి దిగిన మనిషి ఇవాళ బండి ఓనరు. నేను చూసిన గుర్తింపుల్లో దానికి మించింది లేదు.

మన పల్లెల్లో పాతరోజుల్లో కల్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. పంట ఇంటికి చేరకముందే నీరటికి, వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి, మాదిగకు ఇంత అని వడ్లు కొలిచి పెట్టాలి. నీ పని వల్లే ఈ పంట వచ్చిందని కల్లంలో పదిమంది ముందు ఒప్పుకోవడం అది. దాన్ని నేను గొప్పగా పొగడను. ఆ మేరకు కులం ముడిపడి ఉంది, కొలిచేటప్పుడు చిన్నచూపు ఉంది, తండ్రి పనే కొడుకు చేయాలన్న బంధం ఉంది. అది పోవాల్సిందే, పోయింది. కానీ దాంతోపాటు ఇంకొకటి కూడా పోయింది. ఎవరి పని వల్ల మన ఇల్లు నడుస్తోందో ఊరికి తెలిసి ఉండటం. ఇప్పుడు చెత్త బండి తోలే అబ్బాయి పేరు మన వీధిలో ఎంతమందికి తెలుసు? "ఓ చెత్తబండీ" అని పిలుస్తాం. అతను బండి కాదు కదా, మనిషి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికోసమే నేను ఇవాళ ఇంతదూరం వచ్చాను.

2020లో కరోనా వచ్చినప్పుడు మా మండలంలో ఒక పారిశుధ్య కార్మికురాలు ఉండేది. ఏ ఇంట్లో కేసు వచ్చినా ఆ ఇంటి ముందు ముగ్గు కూడా వేసేవాళ్లు కాదు, అంత భయం. ఆమె మాత్రం ఆ ఇంటి చెత్త విడిగా మూట కట్టుకుని పోయేది. హైపోక్లోరైట్ కొట్టే డబ్బా వీపుకు కట్టుకుని తిరిగితే భుజాలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. ఒక ముసలాయన ఒంటరిగా క్వారంటైన్‌లో ఉంటే, రోజూ గోడ అవతల నిలబడి "తాతా, లేసినవా?" అని కేక వేసి, ఆయన పలికాకే ముందుకు పోయేది. అది ఆమె డ్యూటీలో లేదు. ఒక రోజు తాత పలకలేదు. ఆమె వెంటనే ఆశా కార్యకర్తకు ఫోన్ చేయబట్టి అంబులెన్స్ వచ్చింది. ఆయన బతికాడు.

ఆ తర్వాత ఒక జెండా పండుగ రోజున ఆమెకు ప్రశంసా పత్రం వచ్చింది. పెద్దాఫీసులో ఇచ్చారు. పట్టుచీర కట్టుకుని వెళ్లింది. మర్నాడు ఆ కాగితం తీసుకుని మా ఇంటికి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నలగకుండా అట్టముక్కల మధ్యలో పెట్టి తెచ్చింది. ఆమెకు చదువు రాదు. "సారూ, ఇండ్ల నేనేం చేసిననని రాసిండ్రు? జర సదివి చెప్పు" అంది.

నేను చదివాను. "విధి నిర్వహణలో అంకితభావంతో విశేష కృషి చేసినందుకు" అని ఉంది. కింద సంతకం, ముద్ర. ఆ రోజు ఇచ్చిన వందల కాగితాల మీద అదే వాక్యం. ఖాళీ పెట్టి పేరు మాత్రం పెన్నుతో నింపారు.

ఆమె కాసేపు ఆగి "తాత ముచ్చట రాయలేదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. "రాయలేదమ్మా" అన్నాను. "సరే తియ్ సారూ" అని కాగితం మళ్లీ అట్టముక్కల మధ్య పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె కోపగించుకోలేదు, బాధపడ్డట్టు కూడా కనపడలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సర్వీసులో నేను ఎన్ని పేర్లు పంపానో, ఎన్ని కాగితాల్లో ఆ ఒక్క వాక్యమే టైపు చేయించానో గుర్తొచ్చింది.

అధికారులకు, సర్పంచులకు నేను అడిగేది చాలా చిన్న పని. ప్రశంసా పత్రంలో ఆ మనిషి ఏం చేశాడో రాయండి. రెండు వాక్యాలు చాలు. ఏ వీధిలో, ఏ నెలలో, ఏ పని. ఆ రెండు వాక్యాలు రాయాలంటే మీరు ఆ ఊరికి వెళ్లాలి, నలుగురిని అడగాలి. అడిగితే, పేరు ఎవరిది పంపాలన్న తగాదా కూడా సగం తగ్గుతుంది. పని చెప్పలేని పేరు ఆ లిస్టులోకి ఎక్కదు. జిల్లాకు పంపే ముందు ఆ రెండు వాక్యాలు గ్రామసభలో చదవండి. ఊరు ఒప్పుకుంటే పంపండి.

ఇంకోటి. ఊరికి నగదు బహుమతి వస్తే సిమెంటు రోడ్డుకో, స్వాగత తోరణానికో పెడుతున్నారు. ముందు పనివాళ్ల కాళ్లకు సరిపోయే బూట్లు కొనండి. సరిపోయేవి అని ఎందుకంటున్నానంటే, మగవాళ్ల సైజు గమ్ బూట్లు తెచ్చి ఆడవాళ్లకు ఇస్తే ఒక్క రోజు వేసుకుని మూలన పెట్టడం నా కళ్లతో చూశాను. గ్లౌజులూ అంతే. ఏడాదికోసారి రక్త పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి. జీతం ఏ తేదీన పడుతుందో తెలిసేలా చూడండి. మూడు నెలలు జీతం ఆపి నాలుగో నెల శాలువా కప్పితే ఆ శాలువా ఎవరికి వెచ్చగా ఉంటుంది?

పాలకవర్గాల గురించి కూడా అడుగుతారు, సర్పంచ్ బాగా పనిచేస్తే ఎవరు గుర్తించాలని. జనమే గుర్తిస్తారు. కానీ సర్పంచ్ ఒక్కరినే కాకుండా వార్డు సభ్యులను కూడా చూడాలి. మంచి పంచాయతీలన్నింటిలో నేను గమనించింది, నెలనెలా సమావేశం నిజంగా జరుగుతుంది. రిజిస్టరులో సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకునే ఊళ్లో ఏ పనీ నిలబడదు. గెలిచిన ఆడవాళ్ల బదులు భర్తలు కూర్చునే చోట అవార్డు దరఖాస్తే పెట్టకూడదన్నది నా అభిప్రాయం. అక్కా, మీ కుర్చీలో మీరే కూర్చోండి. మొదట్లో మాట తడబడుతుంది, ఆర్నెల్లు పోతే మీ అంత బాగా ఇంకెవరూ మాట్లాడలేరు. గంగదేవిపల్లి మొదటి పాలకవర్గంలో ఉన్న ఆడవాళ్లు కూడా అప్పటికి కొత్తవాళ్లే.

టైమైంది, చీటీ అందింది. సన్మానం మొదలుపెట్టాలి. నిర్వాహకులను నిన్న ఒక్కటే అడిగాను, వాళ్లు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. ఇవాళ ఇచ్చే పదకొండు కాగితాల్లో ఒక్కటి కూడా మరోదానిలా ఉండదు. కార్యదర్శులు మూడు రోజులుగా ఊళ్లల్లో అడిగి రాసుకొచ్చారు. మొదటిది నేను చదువుతాను. ఆమె ఇక్కడే, ముందు వరసలో ఉంది. అమ్మా, నువ్వు లేచి పైకి రా. భయం లేదు, మెట్టు చూసుకుని రా. వినండి:

"మా ఊరి ఎస్సీ కాలనీ చివరి వీధిలో నల్లా నీళ్లు వాసన వస్తున్నాయని ముందుగా గమనించినందుకు, నలుగురు కొట్టిపారేసినా వదలకుండా ఆ వీధి పొడవునా కాలువ ఎత్తిపోసి, మట్టి కింద పగిలిన పైపును తానే వెతికి పట్టుకున్నందుకు, పైపు మార్చేదాకా వారం రోజులు ఆ వీధిలోని ముప్పై ఇళ్లకు ట్యాంకరు నీళ్లు తానే దగ్గరుండి పట్టించినందుకు..."